కాటన్ దొర ఇంటిపేరు

పిల్లలూ! మీలో గోదావరి జిల్లాలవాళ్ళు ఎవరైనా ఉంటే, కాటన్ దొర ఎవరో వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. ఊరూరా ఆయన విగ్రహం ఉంటుంది, చాలాచోట్ల గుర్రం మీద కూర్చుని ఉంటాడు. మిగిలినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. సర్ ఆర్థర్ కాటన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1847లో ధవళేశ్వరం దగ్గిర గోదావరికి అడ్డంగా ఆనకట్ట కట్టించటం మొదలుపెట్టి, 1852లో పూర్తిచేశాడు. అంతకుముందు ఆ ప్రాంతంలో వరదలకు కొట్టుకుపోయినవాళ్ళు కొందరు, కరువుకు మలమల మాడినవాళ్ళు కొందరు. ఆనకట్ట వచ్చాక కాలవలు వచ్చాయి, కాలవల వెంట వరిచేలు వచ్చాయి. గోదావరిలో స్నానం చేసి సంకల్పం చెప్పుకునేటప్పుడు ఈ దొర పేరు కూడా తలుచుకున్న పండితులున్నారంటే, ఆ రోజుల్లో ఆయన మీద ఎంత గౌరవముండేదో ఊహించుకోండి.

అయితే ఈ నెల నేను చెప్పబోయేది ఆనకట్ట కథ కాదు, ఆయన ఇంటిపేరు కథ. ఇది నేను చెప్పటానికి ఒక కారణమున్నది. ఒకప్పుడు ఈ ఇంటిపేరు విషయంలో నేను తప్పు చెప్పాను.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులవి. ఏడో తరగతికి ఆనకట్ట పాఠం చెబుతుండగా మూడో బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచి, “మాస్టారూ! కాటన్ అంటే ప్రత్తి గదండీ. ఆయన తాతలు ప్రత్తి పండించేవాళ్ళా, అమ్మేవాళ్ళా?” అని అడిగాడు.

నాకు జవాబు తెలియదు. తెలియదని పిల్లల ముందు ఒప్పుకునే ధైర్యం అప్పటికి నాకు రాలేదు. “పండించేవాళ్ళే అయి ఉంటారు. కూర్చో!” అన్నాను.

వాడు కూర్చోలేదు. “అంత చలిదేశంలో ప్రత్తి పండుతుందాండీ?” అన్నాడు. క్లాసంతా గొల్లున నవ్వింది. ఇంతలో గంట కొట్టారు గనుక సరిపోయింది.

వాడు అన్నదే నిజం. ప్రత్తికి నాలుగైదు నెలలపాటు మంచి ఎండ కావాలి. ఇంగ్లండులో ప్రత్తి పండదు. దూదిని మన దేశంనుంచీ ఇతర వేడిదేశాలనుంచీ ఓడలలో తెచ్చుకుని, అక్కడి మిల్లులలో నూలు వడికేవారు. మరి ప్రత్తి మొక్కే లేని దేశంలో, వందల ఏళ్ళ కిందటనే, ఒక కుటుంబానికి ‘కాటన్’ అనే ఇంటిపేరు ఎట్లా వచ్చింది?

సంగతేమిటంటే, చెవికి ఒక్కటిగా వినిపించే ఈ కాటన్‌లు రెండు. దూదికి చెప్పే కాటన్ అరబ్బుల మాట. వాళ్ళు ప్రత్తిని ‘కుత్‌న్’ అంటారు. ఆ మాట బట్టలతోబాటు ఒక దేశంనుంచి మరొక దేశానికి పోతూ, ఫ్రెంచివారి నోట పడి, వాళ్ళద్వారా ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంటిపేరులోని కాటన్ అట్లా పైనుంచి వచ్చింది కాదు. పాత ఇంగ్లీషులో ‘కాట్’ అంటే గుడిసె. మనం ‘ఊరు’ అనే మాటను ‘ఊళ్ళో’ అని మార్చి చెప్పుకున్నట్టే, వాళ్ళు ‘గుడిసెల దగ్గిర’ అనటానికి ‘కాటుమ్’ అనేవారు. “ఎక్కడుంటావోయ్?” అంటే “కాటుమ్” అన్నమాట. అదే రానురాను నాలుగు గుడిసెలున్న పల్లెకు పేరైపోయి, జనం నోళ్ళలో అరిగి, కాటన్ అయింది.

ఆ గుడిసె ఇంకా బతికే ఉన్నది. తిరుమలలో గది కోసం మీ నాన్నగారు వరసలో నిలబడతారు చూడండి, ఆ ‘కాటేజీ’లో ఉన్నది ఈ ‘కాట్’ అనే గుడిసే. కాని ఇంగ్లీషులో మంచాన్ని కూడా ‘కాట్’ అంటారు. అది మాత్రం మన దేశంనుంచి అక్కడికి పోయిన మాట, హిందీలో మంచానికి చెప్పే ‘ఖాట్’. మాటలు ఒక్కలాగా వినిపించినంత మాత్రాన చుట్టాలనుకోకూడదు. ఆనాడు నేను చేసిన పొరపాటు అదే.

ఇక పల్లె పేరు మనిషికెట్లా అంటుకున్నదో చూద్దాం. వెయ్యేళ్ళ కిందట ఇంగ్లండులో సామాన్యులకు ఇంటిపేర్లు లేవు. జాన్ అంటే జాన్, విలియం అంటే విలియం, అంతే. 1066లో ఫ్రాన్సు తీరాననున్న నార్మండీ దేశపు ప్రభువు విలియం దండెత్తి వచ్చి ఇంగ్లండుకు రాజయ్యాడు. ఇరవై ఏళ్ళ తరువాత, 1086లో, రాజ్యంలో ఎవరికెంత భూమి ఉన్నదో, ఎన్ని నాగళ్ళున్నాయో, ఎన్ని మరలున్నాయో అంతా లెక్కకట్టించి పెద్ద పుస్తకం రాయించాడు. రాజు గుమాస్తా చేతిలోకి కలం వచ్చాక చిక్కంతా వచ్చింది. ఒక్క ఊళ్ళో అయిదుగురు జాన్‌లుంటే, పన్ను ఎగ్గొట్టినవాడు ఎవరు? అందుచేత పక్కన ఒక గుర్తు చేర్చవలసివచ్చింది.

కమ్మరి జాన్‌కు స్మిత్ అనీ, జాన్ కొడుక్కు జాన్సన్ అనీ, జుట్టో ఒళ్ళో గోధుమరంగుగా ఉన్నవాడికి బ్రౌన్ అనీ గుర్తులు పడ్డాయి. మన వేమన పద్యాలను ఏరి అచ్చు వేయించిన బ్రౌన్ దొర ఇంటిపేరు అట్లాంటిదే, అది ఉత్త రంగు! వేరే ఊరునుంచి వచ్చినవాడికేమో ఆ ఊరి పేరే గుర్తు. ఇది మనకు కొత్త కాదు. తెలుగువాళ్ళ ఇంటిపేర్లలో సగానికి సగం ఊళ్ళ పేర్లే గదా! మనం పేరుకు ముందు చెప్పుకుంటాం, వాళ్ళు వెనక చెప్పుకుంటారు.

ఇక్కడ ఒక చమత్కారమున్నది, జాగ్రత్తగా ఆలోచించండి. కాటన్ అనే పల్లెలో ఉన్నంతకాలం ఒక మనిషిని “కాటన్‌వాడు” అని పిలవటంలో అర్థమేమున్నది? అక్కడివాళ్ళందరూ కాటన్‌వాళ్ళే గదా! వాడు మూట నెత్తిన పెట్టుకుని పక్క ఊరికి పోయి కాపరం పెడితేనే, అక్కడివాళ్ళు “ఎవరూ, ఆ కాటన్‌నుంచి వచ్చినవాడా?” అంటారు. పల్లె మీద పెత్తనం గల ప్రభువుల సంగతి వేరు. వాళ్ళు ఊరిలో ఉండే ఊరి పేరు పెట్టుకున్నారు. మామూలు జనానికి మాత్రం ఊరి పేరు ఇంటిపేరుగా ఉన్నదంటే, ఎప్పుడో ఒకనాడు వాళ్ళ పూర్వులు ఆ ఊరు విడిచారని గుర్తు. మా ఇంటిపేరు కూడా ఒక ఊరి పేరే. ఆ ఊరు మా తాతగారు చూడలేదు, నేనూ చూడలేదు.

రెండవ చమత్కారం. నాలుగు గుడిసెలు ఏ చోట లేవు? కాబట్టి ఇంగ్లండులో కాటన్ అనీ, కోటన్ అనీ, కోట్స్ అనీ ఎన్నో పల్లెలు వెలిశాయి. మన దేశంలో ఎన్ని కొత్తపల్లెలు లేవు! కొత్తపల్లివారందరూ ఒకే తాత మనుమలు కానట్టే, కాటన్‌లందరూ ఒకే కుటుంబంవాళ్ళు కారు. ఇది గుర్తుంచుకుంటే, ఇప్పుడు నేను చెప్పబోయే కాటన్‌లను చూసి మీరు తికమకపడరు.

ముందుగా ఆనకట్ట కాటన్‌గారి పూర్వులు. వీళ్ళు ష్రాప్‌షైరు అనే జిల్లాలోని కాటన్ అనే ఊరివాళ్ళు. ఎనిమిదవ హెన్రీ అనే రాజు క్రైస్తవ మఠాలన్నిటినీ మూయించి, వాటి భూములను తనకు కావలసినవాళ్ళకు ఇచ్చివేశాడు. అందులో కోంబర్‌మియర్ అనే మఠం 1539లో సర్ జార్జి కాటన్ అనే ఆయన చేతికి వచ్చింది. అది పక్కనే ఉన్న చెషైరు జిల్లాలో ఉన్నది. గుడిసెల పేరు గల కుటుంబం మఠమంత ఇంట్లో కాపరం పెట్టింది. ఆ తరువాత దాదాపు నాలుగు వందల ఏళ్ళు ఆ ఇల్లు వాళ్ళదే.

లండనులో మరొక కాటన్ ఉండేవాడు, సర్ రాబర్ట్ కాటన్. 1571లో పుట్టాడు. ఈయన కుటుంబం వేరు. ఈయనకు పాత పుస్తకాల పిచ్చి. ఆ మూసిన మఠాలలోనివి తాళపత్రాలు కావుగాని, తోలుమీద రాసిన ప్రాచీన గ్రంథాలు. వాటిని జనం పచారీ సామాను కట్టుకోవటానికీ, చెప్పులు తుడుచుకోవటానికీ వాడుతుండేవారు. రాబర్ట్ కాటన్ వాటిని వెతికి వెతికి కొన్నాడు. ఇంగ్లీషు భాషలోని అతి పాత కావ్యాలలో ఒకటైన బేవుల్ఫ్ ఒకే ఒక ప్రతిగా మిగిలింది, అది ఈయన బీరువాలోదే. ఇంగ్లండు ప్రజల హక్కుల పత్రమని చెప్పే 1215 నాటి మాగ్నా కార్టా ప్రతులు ఇప్పుడు నాలుగే ఉన్నాయి. వాటిలో రెండు ఈయన దాచినవే.

ఆయన తన బీరువాలలో చాలావాటి మీద ఒక్కొక్క రోము చక్రవర్తి బొమ్మ పెట్టుకున్నాడు. పుస్తకం కావాలంటే చక్రవర్తి పేరు, అర, వరస అంకె చెప్పాలి. ఆయన చనిపోయిన వంద సంవత్సరాలకు, 1731లో, ఆ పుస్తకాలున్న ఇల్లు అంటుకున్నది. కొన్ని పుస్తకాలను కిటికీలలోంచి బయటికి విసిరి కాపాడారు. బేవుల్ఫ్ పుస్తకం అంచులు మాడిపోయాయిగాని ప్రాణంతో బయటపడింది. బొమ్మలూ బీరువాలూ పోయి ఎంతో కాలమైనా, లండను గ్రంథాలయంలో ఈనాటికీ దానిని ‘కాటన్ విటెల్లియస్ ఏ పదిహేను’ అనే అడగాలి. విటెల్లియస్ ఆ చక్రవర్తి పేరు.

ఇంత పనిచేసిన మనిషికి కూడా గుడిసెల పేరు చాలినట్టులేదు. 1603లో స్కాట్లండు రాజు ఇంగ్లండుకు కూడా రాజు కాగానే, తాను పూర్వపు స్కాట్లండు రాజు బ్రూసు వంశంవాణ్ణని చెప్పుకుని, నడిమిని ‘బ్రూస్’ అని చేర్చుకున్నాడు! పెద్దవాళ్ళకు కూడా ఇట్లాంటి సరదాలుంటాయి.

ఇప్పుడు ఈ పేరు సముద్రం దాటుతుంది. లింకన్‌షైరులోని బోస్టన్ అనే ఊళ్ళో జాన్ కాటన్ అనే క్రైస్తవ బోధకుడుండేవాడు. ప్రభుత్వం వారు చెప్పిన పద్ధతిలో పూజ చేయటం ఆయనకు ఇష్టం లేదు. పట్టుకుంటారని తెలిసి 1633లో అమెరికాకు ఓడ ఎక్కాడు. ఆయన భార్య అప్పటికి నిండు చూలాలు. నడిసముద్రంలో కొడుకు పుట్టాడు. ఆ పిల్లవాడికేం పేరు పెట్టారనుకున్నారు? ‘సీబార్న్’, అంటే ‘సముద్రంలో పుట్టినవాడు’! గుడిసెల పేరు గల పిల్లవాడికి నేల మీద పుట్టే యోగం కూడా లేకపోయింది. ఓడ చేరిన రేవుపట్నం కూడా బోస్టనే. ముందు పోయినవాళ్ళు తమ ఊరి పేరును అక్కడ పెట్టుకున్నారు. మనుషులేకాదు, ఊళ్ళు కూడా వలస పోతాయన్నమాట.

జాన్ కాటన్ కూతురు మేథర్ అనే ఇంటి కోడలైంది. 1663లో ఆమెకు కొడుకు పుడితే, పుట్టింటి పేరును వాడికి సొంత పేరుగా పెట్టింది. వాడు కాటన్ మేథర్. ఇంటిపేరు ముందుకు వచ్చి కూర్చున్నది.

ఈ కాటన్ మేథర్ పెద్ద బోధకుడయ్యాడు. ఆయన ఇంట్లో ఆఫ్రికానుంచి తెచ్చిన ఒక బానిస ఉండేవాడు. “నీకు మశూచి ఎప్పుడైనా వచ్చిందా?” అని యజమాని అడిగితే, వాడు తన చేతిమీది మచ్చ చూపించి, తమ దేశంలో మశూచి పొక్కులోని రసి కొంచెం తీసి ఆరోగ్యవంతుడి చర్మంలో గీస్తారనీ, స్వల్పంగా జబ్బు వచ్చి తగ్గిపోతుందనీ, ఆ తరువాత ఆ మనిషికి మశూచి భయం ఉండదనీ చెప్పాడు. 1721లో బోస్టనులో మశూచి చెలరేగినప్పుడు కాటన్ మేథర్ ఈ పద్ధతి వాడమని పట్టుబట్టాడు. ఊరంతా తిట్టినా బాయిల్‌స్టన్ అనే వైద్యుడొకడు ముందుకు వచ్చి, తన కన్నకొడుక్కే మొదట గీశాడు. గీయించుకున్నవాళ్ళలో చనిపోయినవాళ్ళు, మామూలుగా జబ్బుపడి చనిపోయినవాళ్ళకంటె చాలా తక్కువమంది అని తేలింది.

ఇంత మేలు చేసిన ఆ బానిస పేరు ఒనెసిమస్. అది కూడా యజమాని బైబిల్లోనుంచి తీసి పెట్టిన పేరే. వాడి తల్లి వాడినేమని పిలిచిందో, వాడి ఊరి పేరేమిటో ఎవరూ రాసిపెట్టలేదు. ఓడలో పుట్టిన పిల్లవాడికి కూడా నాలుగు గుడిసెల జాడ మిగిలింది. వీడికది కూడా మిగల్చలేదు. పేర్ల పుస్తకాలు చదివేటప్పుడు నాకు ఈ సంగతి ఎప్పుడూ మనసులో కలుక్కుమంటుంది.

ఇక తూర్పుదిక్కుకు వద్దాం. కోంబర్‌మియర్ కుటుంబంలో హెన్రీ కాల్వలీ కాటన్ అనే ఆయనకు పదకొండుమంది కొడుకులు. ఆస్తి పెద్దవాళ్ళకు పోతుంది గనుక చిన్నవాళ్ళు దేశాలు పట్టిపోవలసిందే. పదవవాడు మన ఆర్థర్. 1803లో పుట్టి, 1821లో, పద్ధెనిమిదేళ్ళ వయసులో మద్రాసు వచ్చాడు. ముందు కావేరిమీద పనిచేసి, చోళరాజులనాటి పాత ఆనకట్టను చూసి, ఇసుకనేలలో పునాది ఎట్లా నిలుస్తుందో దానివల్ల నేర్చుకున్నాడు. ఆ విద్యే తరువాత గోదావరిలో ఉపయోగపడింది. మన ‘ఆనకట్ట’కు తోబుట్టువైన తమిళ మాట కూడా ‘ఆనికట్’ అయి ఇంగ్లీషు నిఘంటువులకు ఎక్కింది. ఆయన పేరు ఇక్కడికి వస్తే మన మాట అక్కడికి పోయింది!

ఆయన అన్న సిడ్నీ కాటన్ సైన్యంలో పనిచేస్తూ ఆస్ట్రేలియాలో ఖైదీలుండే మోర్టన్ బే అనే చోటికి కొంతకాలం అధికారిగా పోయాడు. అదే ఇప్పటి బ్రిస్బేను పట్నం. పెదతండ్రి కొడుకు స్టేపుల్టన్ కాటన్ సైన్యాధిపతి అయి వచ్చి 1826లో భరత్‌పూరు కోట పట్టుకున్నాడు.

ఇంకొక కాటన్ కుంభకోణంలోనే పుట్టాడు, 1845లో. ఈయన సర్ హెన్రీ కాటన్. ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసికూడా భారతీయుల పక్షం మాట్లాడాడు. 1904లో బొంబాయిలో జరిగిన కాంగ్రెసు మహాసభకు అధ్యక్షుడయ్యాడు. గౌహతిలో 1901లో ఆయన తెరిచిన కాటన్ కాలేజి ఇప్పుడు కాటన్ విశ్వవిద్యాలయం. బెంగుళూరులో బిషప్ కాటన్ బడి ఉన్నది. అది జార్జి కాటన్ అనే మతాధికారి పేరు. అదే బెంగుళూరులో కాటన్‌పేట కూడా ఉన్నది. అది మాత్రం దొర పేరు కాదు, నిజంగా ప్రత్తి బజారే! కన్నడంవాళ్ళు దానిని ‘అరళెపేటె’ అంటారు. అరళె అంటే దూది.

ఆఖరున ఒక కాటన్ సంగతి చెప్పాలి. 1894లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లండులో మరొక సిడ్నీ కాటన్ పుట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో విమానం నడిపాడు. ఆకాశంలో చలికి అందరూ గడ్డకట్టుకుపోతుంటే, ఒకనాడు నూనె మరకల పాత పని దుస్తులతోనే విమానమెక్కిన తనకు చలి వేయలేదు. నూనె పీల్చిన బట్టలోకి గాలి దూరలేదన్నమాట! ఆ ఆధారంతో విమానచోదకులకు కొత్త దుస్తులు కుట్టించాడు. వాటి పేరు ‘సిడ్‌కాట్’. సిడ్నీలోని సిడ్, కాటన్‌లోని కాట్. గుడిసె అనే మాట చొక్కాకు కూడా ఎక్కింది.

ఈ సిడ్నీ కాటన్ 1948లో తెలుగువాళ్ళ మధ్యకు వచ్చాడు. అప్పుడు హైదరాబాదు సంస్థానంలో నిజాం ప్రభుత్వం భారతదేశంలో చేరకుండా మొండికేసింది. రజాకార్ల చేతిలో పల్లెలు అల్లాడుతున్నాయి. భారత ప్రభుత్వం ఆయుధాలు లోపలికి పోకుండా కట్టడి చేసింది. సిడ్నీ కాటన్ కరాచీనుంచి విమానాలలో తుపాకులూ మందుగుండూ దొంగచాటుగా తెచ్చి నిజాముకు అందించాడు, డబ్బుకోసం. సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించి అయిదు రోజులలో ఆ వ్యవహారం ముగించింది. తరువాత లండను న్యాయస్థానం ఆయనకు జరిమానా వేసింది.

తెలుగునేల మీదికి వందేళ్ళ తేడాలో ఒకే ఇంటిపేరుతో ఇద్దరు వచ్చారు. ఒకరు నీళ్ళు తెచ్చారు, ఒకరు తుపాకులు తెచ్చారు.

కిందటి ఏడు వేసవిలో ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియం దగ్గిర ఒకాయన నన్ను చూసి నమస్కారం పెట్టాడు. పక్కన ఇద్దరు పిల్లలు. ఎవరా అని చూస్తే, ఆ మూడో బెంచీ కుర్రవాడే! తల నెరిసింది. నేను ముందుగా, “ఒరే అబ్బాయీ! ఆనాడు నీకు నేను చెప్పింది తప్పురా. కాటన్ అంటే ప్రత్తి కాదు, గుడిసెలు” అని, ఈ కథంతా చెప్పాను. వాడు నోరు తెరుచుకుని విన్నాడు.

“అయితే మాస్టారూ, దొరగారిదీ మాదీ ఒకటే ఇంటిపేరండీ!” అన్నాడు.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. హాజరు పట్టీలో వాడి ఇంటిపేరు ‘పాకల’.